డబ్బాల్లో పద్మిని

బావమరిది: నాలుగు డోర్లు దివాన్ కింద. డిక్కీ మూత బాల్కనీల. రేడియేటర్ బట్టలారేసే తీగ కింద. కార్బొరేటర్ ఏదని అడిగితే ఫ్రిజ్జు మీద చూడమన్నది అక్క. ఇది ఇల్లా బావా, ఆటోనగరా?

బావ: ఆటోనగర్‌ల ఇంత శుభ్రంగ పెట్టరు. దుమ్ము పడొద్దని కవర్ల చుట్టిన, చూడు.

మాట్లాడుతున్న ఇద్దరూ నేను కల్పించుకున్నవాళ్లే. కారు చరిత్రా, దానికి తగిలే రూళ్లూ మాత్రం కల్పన కాదు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్. మెట్రో స్తంభాల వరస వదిలి లోపలి కాలనీల్లో నాలుగు వీధులు తిరిగితే, ఏదో ఒక స్టిల్టు పార్కింగులో స్కూటర్ల వెనక గుడ్డ కప్పుకున్న పాత ఫియట్టో అంబాసిడరో ఎదురవుతుంది. చాలావాటి కథ ఆ గుడ్డ దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఇక్కడ గుడ్డ తీశారు, ఆ తర్వాత ఒక్కో నట్టూ తీశారు, ఇప్పుడు అన్నీ తిరిగి బిగించాల్సిన ఘట్టం వచ్చింది.

బావ ఉప్పల్ ఆర్టీసీ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో సొంతిల్లు. బావమరిది ఎల్.బి.నగర్‌లో ఉంటాడు, ఇన్సూరెన్స్ సర్వేయర్. గుద్దుకున్న కార్ల చుట్టూ తిరిగి ఫొటోలు తీసి, ఏది బాగు చేయాలో ఏది వదిలేయాలో తేల్చి రాయడం ఆయన ఉద్యోగం. ఇద్దరి మధ్యా ఉన్నది 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. కొన్నది ఒకరికి మామ, ఇంకొకరికి నాయన. ఆయన ఇప్పుడు లేడు. విచిత్రం ఏమిటంటే బండి నిలబెట్టాలంటున్నది అల్లుడు, వద్దంటున్నది కొడుకు.

బావమరిది: మా దగ్గర ఒక లెక్కున్నది బావా. రిపేరు ఖర్చు బండి ఐడీవీల, అంటే ఇన్సూరెన్స్‌ల రాసిన విలువల, 75 శాతం దాటిందంటే టోటల్ లాస్ రాస్తం. కొత్త బండైనా సరే. నీ పద్మినికి టింకరింగ్, పెయింటు, రబ్బర్లు, క్రోమ్, లేత్ పని అన్ని కలిపితే 75 కాదు, రెండొందల శాతం అయితది. రిపోర్టు రెండు లైన్ల రాసిస్త.

బావ: నీ లెక్కల కొనేటోడు ఎంతిస్తడన్నదే ప్రశ్న. నాది వేరే ప్రశ్న. ఇది మల్ల జోడయితదా, కాదా? ఉప్పల్‌ల నా సర్వీసంత చేసింది అదే పని. డిపో బస్సు వస్తది, ఇంజన్ దించుతం, రీకండిషన్ చేసిపెట్టిన ఇంకో ఇంజన్ ఎక్కించి పంపిస్తం. దించినదాన్ని ముక్క ముక్క విప్పి, కడిగి, కొలిచి, అరిగినవి మార్చి మల్ల జోడిస్తం. పాతది, కొత్తది అని కాదు. కొలత లోపల ఉన్నదా, బయట ఉన్నదా అని చూస్తం.

బావమరిది: ఆర్టీసీకి స్టోర్స్ ఉన్నది. చిట్టీ రాస్తే సామాను వస్తది. నీకేమున్నది? బొంబాయి కుర్లాల పద్మిని తయారీ ఆగి పాతికేండ్లయింది.

బావ: ఆగినా దాని లక్షణం ఒకటున్నది. ఇది ఇటలీల 1962ల వచ్చిన ఫియట్ 1100 డి. ఇక్కడ ప్రీమియర్ వాళ్లు 1964ల మొదలుపెట్టిన్రు. 1970లల్ల ఫియట్ పేరు పోయి ప్రీమియర్ పేరు వచ్చింది, తర్వాత పద్మిని అన్నరు. ఇటలీ వాళ్లు 1969ల ఆ వరసనే బందు పెట్టి ఫియట్ 128కి పోతే, మనం ఇంకో ముప్పై ఏండ్లు అదే 1089 సీసీ ఇంజన్ కట్టినం. కొత్త మోడల్ లేదని గప్పుడు అందరు తిట్టిన్రు. ఇప్పుడు నాకదే లాభం. ఏ ఏడాది బండి వాటర్ పంపైనా దాదాపు పడుతది.

బావమరిది: దొరికితే గదా పడేది.

బావ: రాణిగంజ్‌ల పాత దుకాణాలల్ల అడిగితే పైనుంచి అట్టపెట్టెలు దించుతరు. జుమ్మేరాత్ బజార్‌ల గురువారం పొద్దుగాల పోతే డోర్ హ్యాండిళ్లు, మీటర్లు నేల మీద పరిచి ఉంటయి. ఇక్కడ లేనిది చెన్నై పుదుప్పేటల ఉంటది.

బావమరిది: ఇన్నేండ్లు ఆ సామాను ఎందుకు దొరికిందో ఆలోచించినవా? బొంబాయిల పసుపు నలుపు టాక్సీలు నడిచినయి గనక. వేల బండ్లు రోజంత తిరిగితే బ్రేక్ లైనర్ చేసేటోడికి గిరాకీ. ఆఖరి పద్మిని టాక్సీ గడువు 2023 అక్టోబర్‌ల అయిపోయింది. ఇగ నీలాంటోళ్లు ఊరికి పదిమంది. పదిమంది కోసం ఎవడన్న డై కట్టిస్తడా? నువ్వు కొంటున్నది మిగిలిపోయిన సరుకు బావా. అది అడుగంటుతది.

దీనికి బావ దగ్గర వెంటనే జవాబు లేదు, నా దగ్గరా లేదు. పాత బండి ఒంటరిగా బతకదు. దాని చుట్టూ ఒక బజారు బతకాలి. నిజాంల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చౌమహల్లాలో అద్దాల వెనక మెరుస్తూ నిలబడగలదు, దానికి ఆ బజారుతో పనిలేదు. మధ్యతరగతివాడి ఫియట్‌కు ఆ యోగం లేదు. రాణిగంజ్‌లో నిచ్చెనెక్కి అట్టపెట్టె దించే మనిషి రిటైరైతే దాని కథా దాదాపు ముగిసినట్టే.

బావ: అడుగంటినంక లేత్ ఉన్నది. బుష్ అరిగితే కొత్తది తిప్పించొచ్చు, కింగ్ పిన్‌కు పదును పెట్టించొచ్చు. ఇప్పటి బండిల కంప్యూటర్ డబ్బా కాలితే తిప్పించు చూద్దాం.

బావమరిది: సరే, లేత్ ఉన్నది. బిగించుడు సంగతి? ఈ డబ్బాలు చూస్తుంటే నాకు గుండె దడ వస్తున్నది. బోర్న్‌విటా డబ్బాలల్ల బోల్టులు.

బావ: ప్రతి డబ్బా మీద రాసి ఉన్నది, చదువు. ‘వాటర్ పంపు, నాలుగు, పొడుగుది కింద కుడి.’ ఆ పొడుగు బోల్టు వేరే చోట పెడితే లోపల తగులుతది, బిగువు వచ్చినట్టే అనిపిస్తది, నీళ్లు కారుతయి. విప్పినదాన్ని ఎనక నుంచి చేసుకుంట వస్తే బిగించుడు అయితది అనుకుంటరు. కాదు. విప్పేటప్పుడు బండి మన మాట వినాలె. బిగించేటప్పుడు మనం దాని మాట వినాలె.

బావమరిది: ఏందా మాట?

బావ: వరస. పెయింటు అయినంక చెయ్యి నేరుగ ఇంజన్ మీదికి పోతది, ఎప్పుడెప్పుడు స్టార్ట్ చేద్దామా అని. ఇంజన్ ముందుగాల కూసోబెడితే ఫైర్‌వాల్ మీద బ్రేక్ పైపులు వేసే సందు ఉండదు. గందుకని మొదలు కింద పని: పైపులు, ఎనక కమాన్ కట్టలు, ముందర కింగ్ పిన్లు, చక్రాలు. చక్రాల మీద నిలబడ్డంక వైరింగ్. రూఫ్ లైనింగ్ అద్దాల కంటె ముందు, ఎందుకంటె దాని అంచు అద్దం రబ్బరు కిందికి పోవాలె. అద్దం పెట్టుడు చూసినవా ఎప్పుడన్న?

బావమరిది: మా దగ్గర గ్లాసోళ్లు వచ్చి గమ్ పెట్టి అంటిచ్చిపోతరు.

బావ: దీనికి గమ్ లేదు. అద్దం చుట్టు రబ్బరు బీడింగ్ ఎక్కిస్తవ్. బీడింగ్ లోపలి గాడిల సన్నటి తాడు చుట్టూర పెట్టి, రెండు కొసలు కారు లోపలికి వదిలిపెడుతవ్. సబ్బునీళ్లు రాసి అద్దాన్ని బయటనుంచి ఒకరు అదుముతుంటె, లోపల కూసున్నోళ్లు తాడు మెల్లగ గుంజాలె. తాడు వచ్చిన కాడికి రబ్బరు పెదవి ఇనుప అంచు దాటి లోపలికి పడుతది. బలం పెట్టినవా, మూలకు పగులుతది. మొన్న ఎనక అద్దం పెట్టినం. తాడు గుంజింది మీ అక్క.

బావమరిది: అక్కతోని గూడ చేయిస్తున్నవా!

బావ: నాకంటె ఓపిక ఎక్కువ ఆమెకు. ఇగ హెడ్డు. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. వేడికి రెండు ఒక తీరుగ సాగవు. నట్లు నడుమ నుంచి మొదలుపెట్టి బయటికి, మూడు విడతలల్ల, టార్క్ పానాతోని బిగించాలె. ఒక మూల నుంచి చక్కగ బిగించుకుంట పోతే హెడ్డు వంగుతది, గాస్కెట్ ఊదుతది. బోల్టుల సంగతి ఇంకొకటి. ఇది ఇటలీ బండి, అంతా మిల్లీమీటర్ల చూడి. తుక్కు దుకాణంల కిలో లెక్కన తెచ్చిన బోల్టులల్ల అంబాసిడర్‌వి, లారీవి కలిసి ఉంటయి, అంగుళాల చూడివి. రెండు చుట్లు తిరిగి పట్టినట్టే ఉంటది, మూడో చుట్టుకు అల్యూమినియంల చూడి కొట్టేస్తది.

బావమరిది: ఇన్ని తెలిసినోడివి, ఒక షెడ్డుకు ఇచ్చి పక్కన నిలబడి చేయించొచ్చు గద. మూడు నెలల్ల అయిపోతుండె.

బావ: షెడ్డుల గుంపు పని. టింకరోడు వేరు, పెయింటరు వేరు, కరెంటోడు వేరు. ఒకడు లప్పం మందంగ పెట్టిపోతడు, ఇంకోడు దాని మీద రంగు కొడతడు, లోపల తుప్పు ఎవ్వరికి కానరాదు. రెండు వానలకు ఉబ్బి పైకి వస్తది. ఇంట్ల చేస్తే ఆలస్యమే, కాని ఏ రేకు కింద ఏమున్నదో నాకెరుక.

బావమరిది: ఆ రేకుల గురించే అడగాలె. ఫ్లోర్ మొత్తం కోసినవ్. ఈ బండికి వేరే ఛాసిస్ లేదు, బాడీనే ఛాసిస్. ఫ్లోర్, పక్క బాక్సులు కోస్తే నడుము విరిగినట్టే. నేను రోజు చూస్తుంట ఇసుంటివి. వెల్డింగ్ చల్లారినంక డోర్లు పడవు, పైన సందు, కింద రాపిడి.

బావ: అందుకే కోసే ముందు డోర్ల చౌకట్లకు లోపల అడ్డంగ, ఐమూలగ ఇనుప పైపులు వెల్డింగ్ కొట్టిచ్చిన. ఒక పక్క పూర్తయ్యేదాక రెండో పక్క ముట్టలేదు. వారానికి ఒకసారి డోర్లు తగిలించి చూసుకున్నం. వచ్చి వేసి చూడు.

(ఆయన వేసి చూశాడు. వెనక కుడి డోరు కొద్దిగా పట్టేస్తోంది. ఇద్దరూ చూశారు, ఇద్దరూ ఏమీ అనలేదు. ఇలాంటి మర్యాదలు బావాబామ్మర్దుల మధ్య అరుదు.)

బావమరిది: సరే. బండి నిలబడ్డదనుకుందాం. యాడ నడుపుతవ్? నాయన కొన్నప్పుడు ఇంటి ముందు రోడ్డు మీద ఎన్ని బండ్లు ఉండె? ఇప్పుడు ఎల్.బి.నగర్ చౌరస్తా ఎట్లుందో నీకు నేను చెప్పాల్నా? ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు, విజయవాడ బస్సులు, సాగర్ రోడ్డు దిక్కు లారీలు. దీనికి నాలుగు చక్రాలకు డ్రమ్ముబ్రేకులు, బూస్టర్ లేదు. ముందర పోయే బండి ఏబీఎస్‌తోని ఆగుతది. నువ్వు పెడల్ మీద నిలబడినా అంత తొందరగ ఆగవు. సీటు బెల్టు లేదు. తల ఆనించుకునే దిండు లేదు. స్టీరింగ్ రాడ్డు నేరుగ నీ ఛాతీ మీదికి చూస్తుంటది. ఇది నేను బెదిరించుడు గాదు, నా ఫైళ్లల్ల ఉన్న ఫొటోలు.

బావ: దూరం పెట్టి నడుపుత.

బావమరిది: నువ్వు దూరం పెడితే ఆ సందుల ఆటో దూరుతది. హైదరాబాద్‌ల దూరం ఎవరు మిగలనిస్తరు?

ఇక్కడ నేను సర్వేయర్ పక్షం. పాత బండ్ల ప్రేమికులు రేకు మందం గురించి గొప్పగా చెబుతారు. ‘గుద్దినా చెక్కు చెదరదు’ అంటారు. చెదరని రేకు దెబ్బ తాను తినకుండా లోపలి మనిషికి పంపుతుంది. ఈనాటి బండి ముందు భాగం కాగితంలా ముడుచుకుపోయేది లోపలివాళ్లను కాపాడటానికే. దీని మీద వాదన పెంచాల్సిన పనిలేదు.

బావమరిది: ట్రాఫిక్‌ల వేడెక్కుతది గూడ. నాయన పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ చుట్టి మల్ల స్టార్ట్ చేసేది, యాదికుందా?

బావ: ఉంది. వేడికి పంపులనే పెట్రోలు ఆవిరయితది, పంపు గాలి గుంజుతది. ఫ్యాన్ ఇంజన్‌తోని తిరిగేది గనక, బండి ఆగి నెమ్మదిగ ఉన్నప్పుడే గాలి తక్కువ. ఇప్పుడు ఇంకో బాధ కలిసింది. బంకుల పెట్రోల్‌ల ఐదో వంతు ఇథనాల్. పాత రబ్బరు పైపుల్ని అది మెత్తగ చేస్తది, పంపు డయాఫ్రమ్ తింటది. నీళ్లను గుంజుకుంటది, గందుకని బండి నిలబెట్టి పెడితే ట్యాంకు లోపల తుప్పు. పైపులన్ని ఇథనాల్‌ను తట్టుకునేవి వేసిన. డయాఫ్రమ్ గూడ మార్చిన. ట్యాంకుకు లోపల పూత పెట్టిచ్చిన. ఈ బండికి ఇప్పుడు అన్నిటికంటె చెడ్డది నిలబెట్టుడే. వారానికోసారన్న తిరగాలె.

బావమరిది: తిరగాలంటే కాయితాలు కావాలె. ఆర్సీ బుక్కు గడువు ఎప్పుడో తీరింది. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏండ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 10,000. ఆలస్యమైన ప్రతి నెలకు 500 వేరే. మలక్‌పేట ఆర్టీఏకు తీస్కపోయి చూపియ్యాలె. పొల్యూషన్ టెస్టుల కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటొద్దు. నీ కార్బొరేటర్ దాటకుంట ఉంటదా?

బావ: స్క్రూ సవరిస్తే ఉంటది. ప్లగ్గుల వరస, పాయింట్ల సందు సరిగుంటే చాలా వరకు పొగ తగ్గుతది.

బావమరిది: నా మాట విను. రెండేండ్లు ఆగు. 2028కి దీనికి యాభై ఏండ్లు నిండుతయి. 2021ల కేంద్రం వింటేజ్ రూల్ తెచ్చింది. యాభై దాటిన బండికి 20,000 కట్టి రిజిస్టర్ చేస్తే పదేండ్లు చెల్లుతది, నంబర్‌ల ‘వీఏ’ అని వస్తది. ఎగ్జిబిషన్‌ల పెట్టుకో, ర్యాలీకి తీస్కపో, పెట్రోలు పోయించుకురా. గౌరవంగ ఉంటది.

బావ: ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కు సరే. యాదగిరిగుట్టకు?

బావమరిది: రోజువారీ పనులకు రోడ్డెక్కొద్దని రూల్‌లనే ఉన్నది.

బావ: అదే చెప్తున్న. మామ దీన్ని చూసుకునేటందుకు కొనలేదు, ఎక్కి తిరిగేటందుకు కొన్నడు. ఇంకో సంగతి గూడ ఉన్నది నీ రూల్‌ల. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్పులు లేకుంట అసలు రూపంల ఉండాలె. నేను ఫ్లోర్ కొత్తది వేసిన. అది మార్పా, రిపేరా? చూసేటోడు ఎట్లనుకుంటే అట్ల.

బావమరిది: రేకు అదే తీరుగ వేస్తే మార్పెట్లయితది?

బావ: నువ్వే చెప్పాలె, సర్వేయర్‌వి. నువ్వైతే ఏం రాస్తవ్?

బావమరిది: ... ‘రీప్లేస్డ్’ అని రాస్త.

బావ: చూసినవా.

ఈ రూలు గురించి నాకొక అసంతృప్తి ఉంది. నిజాం రోల్స్ రాయిస్ లాంటి వాటికి ఈ గీత చక్కగా సరిపోతుంది. పద్మిని లాంటి బండికి సరిపోదు. అది యాభై ఏళ్లు బతికి ఉన్నదే ఏటేటా ఎవరో ఏదో మార్చడం వల్ల. ఒకడు డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టాడు, ఒకడు సీటు కుట్టించాడు. పుట్టినప్పటి రూపంలో ఉన్న పద్మిని అంటే బహుశా ఎవరూ నడపని పద్మిని. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం కట్టిన సుధాకర్ యాదవ్ బూటు ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో కూడా నడిచే కార్లు చేశాడు. ఈ ఊరికి బండిని విప్పి వేరేలా కట్టడం కొత్త కాదు.

బావ: నువ్వుండేది ఎల్.బి.నగర్ గదా. ఆ పేరు ఎవరిది?

బావమరిది: లాల్ బహదూర్ శాస్త్రిది. అందరికి తెలుసు.

బావ: ప్రధానమంత్రిగ ఉండంగ 1964ల ఆయన కొన్నది గిదే ఫియట్. 12,000 రూపాయలు. చేతిల 7,000 ఉంటే మిగిలిన 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకుల అప్పు తీసుకున్నడు. 1966 జనవరిల తాష్కెంట్‌ల పోయిండు. ఆ అప్పు ఆయన భార్య పెన్షన్‌ల నుంచి కట్టింది. మామ ఈ కథ ఎన్నిసార్లు చెప్పిండో.

బావమరిది: నాకూ చెప్పిండు. కాని ఆ కారు ఇప్పుడు యాడున్నది? ఢిల్లీల ఆయన మెమోరియల్‌ల. నిలబెట్టి ఉన్నది. నువ్వు చెప్పే కథ నా దిక్కే సాక్ష్యం చెప్తున్నది బావా. అంత గొప్ప కారునే చూసుకునేటట్టు పెట్టిన్రు.

బావ: దేశం మొత్తానికి చూడాల్సిన పని ఉన్నది గనక పెట్టిన్రు. మామ కారును చూసేటందుకు ఎవరు వస్తరు? నడుస్తెనే ఇది కారు. లేకుంటె నువ్వన్నట్టు తుక్కే.

బావమరిది: నాకు దీని మీద ప్రేమ లేదనుకుంటున్నవ్. ఉన్నది. కాని నాకు యాదికున్నది నువ్వు మెచ్చుకునే బండి కాదు. పెండ్లికి పోయేటప్పుడు హయత్‌నగర్ దాటంగనే ఆగి, పట్టుచీరల అమ్మ రోడ్డు పక్కన నిలబడి, నేను, నాయన నూకుకుంట పోయిన బండి. స్టీరింగ్ కాడి గేరు ఇరుక్కుంటె నాయన బానెట్ ఎత్తి చేతులు కాల్చుకున్న బండి. 1983ల మారుతి వస్తె కాలనీల అందరు మార్చిన్రు, నాయన మార్చలే. ఎందుకు మార్చలేదో నాకు ఇప్పటికి తెల్వదు.

బావ: గేరు లింకులల్ల బుష్‌లు అరిగితె అట్లనే ఇరుకుతది. పదిరూపాయల బుష్. ఎవ్వరు మార్చలేదు. ఇప్పుడు మార్చిన.

సంవాదాల్లో నాకు నచ్చే క్షణం ఇలాంటిదే. ఒకరు జీవితం గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు బుష్ గురించి జవాబిస్తారు. జవాబు సరిపోదు. అయినా అది తప్పించుకోవడం కాదు. ఆయన దగ్గరున్న ఓదార్పు అదొక్కటే, పైగా నిజమైనది. చిన్నప్పుడు అవమానమనిపించిన ఒక సాయంత్రానికి కారణం తండ్రి మొండితనం కాకుండా, అరిగిన ఒక బుష్ అని తేలడం ఏ కొడుక్కైనా కొత్త సమాచారమే.

బావమరిది: నా ఆఖరి మాట. బుక్కు నాయన పేరు మీద ఉన్నది. పేరు మారకుంట రెన్యువల్ కాదు, ఇన్సూరెన్స్ రాదు. ఓనర్ పోయినంక మూడు నెలల్ల ఫారం 31 పెట్టాలె, మనం పెట్టలే. ఇప్పుడు పెడితె వారసులందరి ఒప్పుదల అడుగుతరు. నేను సంతకం చేస్తనని ఎవరు చెప్పిన్రు?

అక్క (లోపలి నుంచి): వారసులల్ల నేను గూడ ఉన్న. నాయన నీకంటె ముందు నాకు నేర్పిండు ఆ బండి. సరూర్‌నగర్ చెరువు గట్టు రోడ్డు మీద. బుక్కు నా పేరు మీదికి చేయించున్రి, మీ ఇద్దరి పంచాయతి ఒడుస్తది.

బావమరిది: అక్క నడుపుతదా?

బావ: మరి తాడు ఊరికే గుంజిందనుకున్నవా?

బావమరిది: అట్లయితే షరతులు. బ్రేకులు నేను చూస్త. ఖాళీ రోడ్డు మీద నలభైల పోయి కొట్టి చూస్త, పక్కకు గుంజితే సంతకం లేదు. రాత్రిపూట హైవే ఎక్కొద్దు. ముందు రెండు సీట్లకు బెల్టులు పెట్టాలె.

బావ: బెల్టు ఊరికే నిలబడదు. నడిమి పిల్లర్‌కు రంధ్రం కొట్టాలె, ఎనక మందం ప్లేటు వెల్డింగ్ చెయ్యాలె. రంగు కొట్టిన బాడీ. పుట్టినప్పుడు లేని రంధ్రం. రేపు నీ వీఏ రూల్ ముందర నిలబడుతదా అది?

బావమరిది: వీఏ వద్దన్నది నువ్వే గద బావా. కొట్టు రంధ్రం.